ఉప్పు రాయిలో రెండు క్లోరిన్లు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలోని విద్యార్థి పేజీని ఇటు బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. వాళ్ళకి బడిలో ఒడియా పుస్తకం, ఇంట్లో తెలుగు, పోటీ పరీక్షలో ఇంగ్లీషు. మూడింటినీ కలిపి చూపించేది మీ పేజీ ఒక్కటే. అందులో ఒక మాట తప్పు పడితే దాన్ని సరిదిద్దే పుస్తకం ఇంట్లో ఇంకొకటి ఉండదు. పరమాణు నిర్మాణం, ఐసోటోపుల (ఒకే మూలకానికి ఉండే వేర్వేరు బరువుల పరమాణువుల) మీద వస్తున్న పాఠాల్లో మూడు తప్పులు మళ్ళీ మళ్ళీ కనబడుతున్నాయి. పరమాణువును అణువు అంటున్నారు. క్లోరిన్ ద్రవ్యరాశి సంఖ్య 35.5 అని వేస్తున్నారు. ఐసోటోపు అంటేనే రేడియోధార్మిక పదార్థం అన్నట్టు రాస్తున్నారు. మొదటి రెండింటికీ పోయేది మార్కులే. మూడోదానివల్ల, ఇసుకలోనే థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉన్న మా తీరంలో, జనానికి అక్కర్లేని భయమూ అక్కర్లేని ధైర్యమూ రెండూ పుడుతున్నాయి.

ముందు అణువు సంగతి. తెలుగు పాఠ్యపుస్తకంలో పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్. ఒడియాలోనూ అంతే. పత్రికల్లో మాత్రం అణుబాంబు, అణు విద్యుత్ కేంద్రం అన్న మాటలు పాతుకుపోయాయి. వార్తల్లో వాటిని మార్చమని అడగడం లేదు. ఆ అలవాటును పాఠంలోకి రానివ్వవద్దని మాత్రమే కోరుతున్నాం. ‘నీటి అణువు కేంద్రకం’ అని అచ్చయితే, చదివిన పిల్ల నీటికి ఒకే కేంద్రకం ఉందనుకుంటుంది. నీటి అణువులో ఉన్నవి మూడు పరమాణువులు, అంటే మూడు కేంద్రకాలు: రెండు హైడ్రోజన్‌వి, ఒకటి ఆక్సిజన్‌ది. ఒడియా మాధ్యమం పిల్లలకు ఇంకో చిక్కుంది. మనం పరమాణు సంఖ్య అనేదాన్ని అక్కడ పరమాణు క్రమాంకం అంటారు, ద్రవ్యరాశి సంఖ్యను వస్తుత్వ సంఖ్య అంటారు. మీ పాఠంలో ఒక్కసారి ఈ జంటలను పక్కపక్కన అచ్చు వేస్తే మా వైపు పిల్లలకు పెద్ద మేలు. మా దృష్టిలో క్రమాంకం మంచి మాట కూడా. ఆవర్తన పట్టికలో మూలకం కూర్చునే వరస సంఖ్య అదేనని పేరే చెబుతుంది.

ఆ వరసను నిర్ణయించేది ప్రోటాన్ల సంఖ్య. పాఠంలో ఈ వాక్యాన్ని ఎంత నొక్కి చెప్పినా ఎక్కువ కాదు. కేంద్రకంలో 17 ప్రోటాన్లుంటే అది క్లోరినే, 18 ఉంటే ఆర్గానే. 1913లో మోస్లే అనే భౌతిక శాస్త్రవేత్త ఎక్స్ కిరణాలతో దీన్ని తేల్చేదాకా మూలకాలను బరువు ప్రకారం పేర్చేవారు, దాంతో కొన్ని చోట్ల వరస కుదిరేది కాదు. ఆర్గాన్ బరువు 39.95, పొటాషియం బరువు 39.10. బరువే కొలతైతే పొటాషియం ముందు రావాలి. ప్రోటాన్లు లెక్కపెడితే ఆర్గాన్‌కు 18, పొటాషియంకు 19. అక్కడితో పేచీ తీరిపోయింది.

కేంద్రకంలో ప్రోటాన్ల పక్కనే ఉండే న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు, బరువుంది. దాన్ని చాడ్విక్ 1932లో పట్టుకున్నాడు. ఎలక్ట్రాన్‌కు ఆవేశం ఉంది కానీ బరువు అతి తక్కువ, ప్రోటాన్‌లో 1836వ వంతు. ఈ సంఖ్య పిల్లల బుర్రకెక్కాలంటే తక్కెడ తీయాలి. ఆవగింజ సుమారు 2 మిల్లీగ్రాములు తూగుతుంది. 2011లో వచ్చిన రకం రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు. ఆవగింజ ఎలక్ట్రాన్ అయితే ఆ బిళ్ళ ప్రోటాన్. పరమాణువు బరువు కట్టేటప్పుడు ఎలక్ట్రాన్లను ఎందుకు వదిలేస్తామో ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పరిమాణానికి చోడి గింజ చాలు. ఒకటిన్నర మిల్లీమీటర్ల చోడి గింజ బంగారం కేంద్రకం అనుకుంటే, బంగారం పరమాణువు అంచు నుంచి అంచుకు 30 మీటర్లుంటుంది. పుస్తకంలో బొమ్మ వేసేటప్పుడు కేంద్రకాన్ని రేగిపండంత, మొదటి కక్ష్యను గాజంత గీస్తారు. అలా గీయక తప్పదు. కింద ‘ఈ బొమ్మ కొలత ప్రకారం లేదు’ అని ఒక ముక్క వేయండి. ఆ ముక్క లేని బొమ్మ చూసిన పిల్లకి, బంగారు రేకు మీద రూథర్‌ఫర్డ్ బృందం ఆల్ఫా కణాలను వదిలితే దాదాపు అన్నీ నేరుగా అవతలికి ఎందుకు దూసుకుపోయాయో ఎన్నటికీ అర్థం కాదు.

కక్ష్యల దగ్గర ప్రతి ఏడూ పడే తప్పు పొటాషియం. రెండింతలు ఎన్ వర్గం (ఎన్ అంటే కర్పరం, అంటే ఎలక్ట్రాన్ల పొర, వరస సంఖ్య) అన్న సూత్రం ప్రకారం మూడో కర్పరంలో 18 ఎలక్ట్రాన్లు పడతాయి కదా అని 2, 8, 9 అని రాసేస్తారు. సరైన జవాబు 2, 8, 8, 1. 18 అన్నది ఆ కర్పరం పట్టగల గరిష్ఠం మాత్రమే, అది నిండేదాకా నాలుగోది ఆగదు. నాలుగో కర్పరంలోని 4ఎస్ అనే ఉపస్థాయి శక్తి మూడో కర్పరంలోని 3డి ఉపస్థాయి కంటే తక్కువ కాబట్టి ఎలక్ట్రాన్ ముందు అక్కడే చేరుతుంది. కాల్షియం 2, 8, 8, 2 కూడా ఇలాగే.

ఇక ఉప్పు. నౌపడ కొఠార్ల నుంచి వచ్చినా, గంజాం జిల్లా హుమ్మ నుంచి వచ్చినా, ఉప్పు రాయిని అరచేతిలో పెట్టుకుంటే దానిలో ఐసోటోపుల పాఠం మొత్తం ఉంది. 1 మిల్లీగ్రాము ఉప్పు రేణువులో సోడియంలు, క్లోరిన్లు ఒక్కో రకం దాదాపు 1 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. సోడియంలన్నీ ఒకే మాదిరి: 11 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు. క్లోరిన్లు మాత్రం రెండు రకాలు. ప్రతి నాలుగింట్లో సుమారు మూడింటికి 18 న్యూట్రాన్లు, ఒకదానికి 20. ప్రోటాన్లు రెండు రకాలకూ 17 కాబట్టి ఆవర్తన పట్టికలో రెండింటిదీ ఒకే గడి. ఐసోటోపు అన్న గ్రీకు మూలమున్న మాటకు అర్థం కూడా సమాన స్థానమనే. మొదటిది క్లోరిన్-35, రెండోది క్లోరిన్-37. రెండూ స్థిరమైనవి, దేనిలోనూ రేడియోధార్మికత లేదు. మనిషి ఉప్పు తినడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ రెండింటినీ తింటూనే ఉన్నాడు.

35.5 అన్న సంఖ్య ఇక్కడి నుంచే వచ్చింది. మూడు 35లు, ఒక 37 కూడితే 142, నాలుగుతో భాగిస్తే 35.5. ఇది సగటు పరమాణు ద్రవ్యరాశి. ద్రవ్యరాశి సంఖ్య అనేది ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి లెక్కపెడితే వచ్చే సంఖ్య, అది ఎప్పుడూ పూర్ణాంకమే. 35.5 లోంచి 17 తీసేసి 18.5 న్యూట్రాన్లు అని రాసే పిల్లలు ఎంతో మంది. అర న్యూట్రాన్ వచ్చిందేమిటని వాళ్ళు ఆగి అడగరు, అచ్చులో 35.5 ఉంది కాబట్టి. అసలు పాళ్ళు 75.8 శాతం, 24.2 శాతం. పరమాణువుల కచ్చితమైన ద్రవ్యరాశులు 34.97, 36.97. వీటితో లెక్క కడితే 35.45 వస్తుంది, పట్టికల్లో ఉండేది ఇదే. అభ్యాసానికి రాగి ఇవ్వవచ్చు: రాగి-63 పాలు 69 శాతం, రాగి-65 పాలు 31 శాతం, సగటు 63.6. జవాబు 64 దాటితే పాళ్ళు తిరగేశారన్నమాట. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఫ్లోరిన్, అల్యూమినియం, ఫాస్ఫరస్, బంగారాలకు ప్రకృతిలో ఒక్కొక్క రకమే ఉంది. తగరానికి పది స్థిర ఐసోటోపులున్నాయి.

ఐసోటోపుల రసాయన గుణం ఒకటేనని రాస్తే చాలదు, ఎందుకో కూడా రాయాలి. రసాయన చర్య జరిగేది బయటి ఎలక్ట్రాన్లతో. ఎలక్ట్రాన్లు ఎన్ని ఉండాలో ప్రోటాన్ల సంఖ్య చెబుతుంది, న్యూట్రాన్లకు అందులో ప్రమేయం లేదు. మినహాయింపు హైడ్రోజన్. ఒక ప్రోటాన్ పక్కన ఒక న్యూట్రాన్ చేరితే బరువు ఏకంగా రెండింతలవుతుంది కాబట్టి డ్యుటీరియం అనే ఆ ఐసోటోపు తేడా చూపిస్తుంది. దాన్ని 1931లో హెరాల్డ్ యూరీ కనిపెట్టాడు. డ్యుటీరియంతో అయిన భారజలం 3.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 101.4 దగ్గర మరుగుతుంది. భారజలపు మంచుగడ్డను మామూలు నీళ్ళలో వేస్తే అడుగుకు చేరుతుంది. గోదావరి ఒడ్డున మణుగూరులో తయారయ్యేది ఈ నీరే. మామూలు నీటిలో ప్రతి ఆరున్నర వేల హైడ్రోజన్లలో ఒకటే డ్యుటీరియం కాబట్టి దాన్ని వేరు చేయడానికి అంత పెద్ద కర్మాగారం కావాలి. భారజలం కూడా రేడియోధార్మికం కాదు. రియాక్టర్‌లో తిరిగాక అందులో పుట్టే ట్రిటియం అనే మరో హైడ్రోజన్ ఐసోటోపు మాత్రం రేడియోధార్మికమే, దాని అర్ధాయువు (ఉన్నదానిలో సగం మారిపోవడానికి పట్టే కాలం) 12.3 ఏళ్ళు.

ఇప్పుడు మా ఇసుక దగ్గరికి. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ (పాత పేరు ఇండియన్ రేర్ ఎర్త్స్) అనే ప్రభుత్వ రంగ సంస్థ తీరపు ఇసుక నుంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ వేరు చేస్తుంది. ఊళ్ళలో వినబడే మాట, నల్ల ఇసుక ప్రమాదమని. ఆ నలుపు ఇల్మెనైట్‌ది, అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజానిది. థోరియం ఉన్నది తేనె రంగు నుంచి ఎరుపు గోధుమ రంగు దాకా ఉండే మోనజైట్ రేణువుల్లో. మన తీరాల మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం. నల్లగా ఉన్నదల్లా భయపడాల్సినది కాదు, నల్లగా లేనిదల్లా థోరియం లేనిదీ కాదు. ప్రదర్శన కోసమని పిల్లలచేత ఈ ఇసుక పోగు చేయించవద్దని సాటి ఉపాధ్యాయులకు మీ పత్రిక ద్వారానే చెబుతున్నాం. మోనజైట్ ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఖనిజం. దాని పొడి లోపలికి పీల్చడం ఎవరికీ మంచిది కాదు.

ఇసుక లేకుండానే థోరియం పాఠం చెప్పవచ్చు. నేల మీద 81 నుంచి 90 దాకా పది గళ్ళు గీయండి. వైకుంఠపాళిలాగే ఇక్కడా ముందుకూ వెనక్కూ నడకలున్నాయి. ఆల్ఫా కణం బయటికి పోతే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు తగ్గుతాయి: రెండు గళ్ళు వెనక్కి, ద్రవ్యరాశి సంఖ్యలో 4 తగ్గుదల. బీటా కణం, అంటే కేంద్రకంలో పుట్టిన ఎలక్ట్రాన్, బయటికి పోతే న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది: ఒక గడి ముందుకు, ద్రవ్యరాశి సంఖ్య కదలదు. ఇక 90వ గడిలో థోరియం-232 పేరిట చింతపిక్క పెట్టి నడపండి. ఆల్ఫాతో 88కి వచ్చి రేడియం-228. బీటాతో 89కి, ఆక్టీనియం-228. ఇంకో బీటాతో మళ్ళీ 90కే! బయల్దేరిన గడికే చేరింది కానీ బరువు 228. ఇదీ థోరియమే. ఒక ఆల్ఫా, రెండు బీటాలు పోతే పాత గడికే రావాల్సిందేనన్న ఈ గమనింపే ఐసోటోపు అన్న భావానికి తల్లి. 1905లో ఒట్టో హాన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ థోరియం-228ని రేడియోథోరియం అనే కొత్త పదార్థంగా ప్రకటించాడు. తర్వాత ఎవరెంత ప్రయత్నించినా రసాయనాలతో దాన్ని థోరియం నుంచి విడదీయలేకపోయారు. గడి ఒకటే కాబట్టి విడిపోదని 1913లో సాడీ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చి, ఐసోటోపు అన్న పేరును అచ్చులోకి తెచ్చాడు. మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు ఆ పేరు సూచించింది.

అక్కడి నుంచి ఆల్ఫాలు వరుసగా నాలుగు: 88 గడిలో రేడియం-224, 86లో రేడాన్-220, 84లో పొలోనియం-216, 82లో సీసం-212. తర్వాత రెండు బీటాలు: 83లో బిస్మత్-212, 84లో పొలోనియం-212. చివరి ఆల్ఫాతో 82లో సీసం-208. ఇది స్థిరం, ఇక కదలదు. మొత్తం 6 ఆల్ఫాలు, 4 బీటాలు. సరిచూసుకోవడానికి: 232 లోంచి 24 తీస్తే 208, 90 లోంచి 12 తీసి 4 కలిపితే 82. ఎక్కడైనా లెక్క తప్పిందంటే పిల్లవాడు బీటాకు గడిని వెనక్కి జరిపి ఉంటాడు. బిస్మత్-212 దగ్గర దారి చీలుతుంది కూడా. నూటికి 36 పాళ్ళు ముందు ఆల్ఫా వదిలి 81లో థాలియం-208 అవుతాయి, ఆపైన బీటాతో అదే సీసానికి చేరతాయి. ఈ గొలుసులో అన్నిటికన్నా బలమైన గామా కిరణం వచ్చేది థాలియం-208 క్షీణత నుంచే. పెద్ద తరగతి పిల్లలకు ఆ పక్క దారి కూడా చూపించాలి.

ఆట అయ్యాక గళ్ళు చూడమనండి. 90, 88, 84, 82 గళ్ళలో పిక్క రెండేసిసార్లు ఆగింది. ఒకే గడి, వేర్వేరు బరువులు. ఇందులో సీసం కథ ఇంకా గొప్పది. థోరియం ఖనిజంలో పేరుకునేది సీసం-208, యురేనియం-238 ఖనిజంలో పేరుకునేది సీసం-206. మామూలు సీసం సగటు 207.2. అంటే థోరియం ఖనిజం నుంచి తీసిన సీసం మామూలు సీసం కంటే బరువుగా, యురేనియం ఖనిజం నుంచి తీసినది తేలికగా ఉండాలి. 1914లో సాడీ సింహళపు థోరైట్ అనే థోరియం ఖనిజం నుంచి సీసం తీసి తూచాడు, మామూలు దానికంటే బరువుగా తేలింది. అదే ఏడాది రిచర్డ్స్ అనే రసాయన శాస్త్రవేత్త యురేనియం ఖనిజపు సీసాన్ని తూచాడు, అది తేలికగా వచ్చింది. ఒకే మూలకానికి దొరికిన చోటును బట్టి బరువు మారడం అప్పటికి వింత.

అర్ధాయువు దగ్గర కూడా అచ్చుతప్పుల కంటే ఆలోచనలో తప్పులే ఎక్కువ. రెండు అర్ధాయువులు గడిస్తే పదార్థం మొత్తం పోతుందని రాయడం చూస్తున్నాం. మొదటి అర్ధాయువుకి సగం, రెండోదానికి పావు మిగులుతుంది. పది గడిచాక మిగిలేది 1024వ వంతు. థైరాయిడ్ వైద్యంలో వాడే అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు కాబట్టి 80 రోజులకు వెయ్యో వంతుకు దిగుతుంది. థోరియం-232ది 1405 కోట్ల ఏళ్ళు. పై గొలుసులో వచ్చిన రేడాన్-220ది 56 సెకన్లు. యురేనియం గొలుసులో పుట్టే రేడాన్-222ది 3.8 రోజులు. రెండూ 86వ గడివే, ఒకే రకం వాయువు. అయినా మొదటిది పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం పోకముందే మారిపోతుంది, రెండోది గదిలో పేరుకునేంత కాలం ఉంటుంది.

తరగతిలో చేయడానికి వంద రూపాయి బిళ్ళలు చాలు. కుదిపి పోసి, బొమ్మ పడినవి తీసేసి, మిగిలినవి లెక్కపెట్టి మళ్ళీ పోయాలి. మొదటిసారి సరిగ్గా 50 రావు. మూడింట రెండుసార్లు 45కీ 55కీ మధ్య వస్తాయి. బిళ్ళలు ఆరేడుకు తగ్గాక లెక్క గాడి తప్పినట్టు కనబడుతుంది, నాలుగింటికి నాలుగూ మిగలవచ్చు. ప్రయోగం చెడిందని అక్కడ ఆపేయకూడదు. ఏ బిళ్ళ ఎప్పుడు పడుతుందో చెప్పలేం, గుంపులో సగం ఎప్పటికి పోతాయో చెప్పగలం. గుంపు చిన్నదైతే ఆ మాట గట్టిగా చెప్పలేం. చింతపిక్కల బద్దలతో చేయవద్దు, అవి ఒక వైపే ఎక్కువగా పడతాయి.

అయోడిన్ ఉప్పు గురించి ఈ సందర్భంలోనే రాయాలి. అయోడిన్‌ను ‘క్యాన్సర్ ఆసుపత్రి మందు’ అని విని ఆ ఉప్పు మానేస్తున్న ఇళ్ళున్నాయి. ఉప్పులో కలిపేది అయోడిన్-127, ప్రకృతిలో ఉన్న ఒకే ఒక్క స్థిర రకం. చట్టం ప్రకారం అంగట్లో దొరికే ఉప్పులో కనీసం పదిలక్షల్లో 15 పాళ్ళు ఉండాలి. ఆసుపత్రిలో వాడే 131 రియాక్టర్‌లో తయారయ్యేది. పేరు ఒకటే, పక్కన అంకె వేరు. ఆ అంకె వదిలేసి వార్త రాస్తే భయం ఇలాగే పుడుతుంది. మన ఒంట్లో సహజంగా ఉన్న పొటాషియంలో పదివేలలో ఒక వంతుకు కాస్త ఎక్కువగా రేడియోధార్మిక పొటాషియం-40 ఉంది. 70 కిలోల మనిషి ఒంట్లో ప్రతి సెకనుకూ నాలుగు వేలకు పైగా ఆ పరమాణువులు విచ్ఛిన్నమవుతూ ఉంటాయి.

అలాగే ‘మన ఇసుకతో నేరుగా కరెంటు’ అన్న రాతలూ సరికావు. థోరియం-232 తానుగా మండే ఇంధనం కాదు. న్యూట్రాన్‌ను మింగి థోరియం-233 అవుతుంది, 22 నిమిషాల అర్ధాయువుతో ప్రొటాక్టినియం-233గా, 27 రోజుల అర్ధాయువుతో యురేనియం-233గా మారుతుంది. విచ్ఛిత్తి చెంది, అంటే కేంద్రకం రెండుగా చీలి, శక్తినిచ్చేది ఈ చివరిది. మొదట న్యూట్రాన్లు ఇవ్వడానికి విచ్ఛిత్తి చెందే వేరే ఇంధనం ఉండాలి. కల్పాక్కంలోని కామిని అనే చిన్న పరిశోధన రియాక్టర్ యురేనియం-233తో నడుస్తుంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరింటికీ కావలసినది శుద్ధి చేసిన యురేనియం. శుద్ధి అంటే మురికి తీయడం అనుకుంటున్నారు పాఠకులు. ప్రకృతిలో 0.7 శాతమే ఉన్న యురేనియం-235 పాలును 3 నుంచి 5 శాతానికి పెంచడమే అది. ‘సంపన్నం చేయడం’ అని రాస్తే నయం.

కార్బన్-14తో గంజాం జిల్లా జౌగడలోని అశోకుని రాతి శాసనం వయసు తేలుతుందని పిల్లలు అడుగుతుంటారు. తేలదు. ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికే, అంటే బొగ్గు, ఎముక, కర్ర లాంటివాటికే ఆ పద్ధతి పనికొస్తుంది. 5730 ఏళ్ళ అర్ధాయువు కాబట్టి దాదాపు యాభై వేల ఏళ్ళకు మించి లెక్క అందదు.

మీకు మా విన్నపం ఇది. ఇకమీదట ఐసోటోపు పేరు అచ్చు వేసినప్పుడల్లా పక్కన ద్రవ్యరాశి సంఖ్య వేయండి, అది స్థిరమో రేడియోధార్మికమో ఒక్క మాట రాయండి, రేడియోధార్మికమైతే అర్ధాయువు కూడా ఇవ్వండి. క్లోరిన్ పాఠానికి సవరణ వేసేటట్లయితే ఈ మూడు వరసలు చాలు:

క్లోరిన్-35: ప్రోటాన్లు 17, న్యూట్రాన్లు 18, స్థిరం.
క్లోరిన్-37: ప్రోటాన్లు 17, న్యూట్రాన్లు 20, స్థిరం.
సగటు పరమాణు ద్రవ్యరాశి 35.45, దీన్నుంచి న్యూట్రాన్లు లెక్కపెట్టకూడదు.

ఇట్లు,
గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు భౌతిక, రసాయన శాస్త్ర ఉపాధ్యాయులు